నోటితో కరెక్టుగా చెప్పిన పిల్లోడికి మార్కు వేస్తే తప్పా? (ఏడో తరగతి లెక్కల పేపరు)

తీరం టీచర్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క హైస్కూల్లో లెక్కలు చెప్తా. ఊరి పేరు వద్దులెండి, మళ్ళీ గొడవ. నా క్లాసులో ఎస్టీ కాలనీ నుంచి వచ్చే యానాదుల పిల్లోడు ఒకడుండాడు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల కాడ కాపలా, గుంట గట్టు మీదే గుడిసె. మొన్న ఎఫ్ఏ (మధ్యమధ్యలో బళ్ళో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష) స్లిప్ టెస్టులో పూర్ణసంఖ్యల మీద ఒక లెక్క వచ్చింది, లిఫ్టు బేస్‌మెంట్ మైనస్ 2 లో ఉంది, 5వ అంతస్తుకి పోవాలంటే ఎన్ని అంతస్తులు ఎక్కాలి అని. వీడు చెయ్యి ఎత్తి "టీచర్ బేస్‌మెంట్ అంటే ఏంది" అన్నాడు. పరీక్షలో చెప్పకూడదు నాయనా అని ఊరుకున్నా. ఖాళీగా వదిలేశాడు.

పేపర్లు దిద్దేటప్పుడు మనసు ఒప్పక పిలిచి ఇంకో రకంగా అడిగా. ఒరే, నీళ్ళకి 5 అడుగుల పైన చెక్క మీద నిలబడి ఉండావు, చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నయ్యా లేదా అని చూసే పళ్ళెం) నీళ్ళలో 2 అడుగుల లోతుకి దిగాలి, తాడు ఎంత కావాలి అని. నా మాట పూర్తి కాకముందే "ఏడు, ముడికి ఇంకో అర అడుగు ఏసుకోవాల టీచర్" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చినయ్. 2 మార్కులు వేసేశా.

ఇప్పుడు హెచ్‌ఎం గారు పేపర్లో లేని మార్కు రిజిస్టర్లో ఎట్టా వేస్తావమ్మా అంటుండారు. ఇంకో పిల్లోడి తండ్రి వచ్చి మా వాణ్ణి కూడా నోటితో అడగండి అని కూర్చున్నాడు. నేను చేసింది తప్పా? నిజంగానే అడుగుతుండా, మెచ్చుకోమని కాదు.

నిక్కచ్చి నెల్లూరు | ఆదివారం రాత్రి 10:05

తప్పే మేడమ్. ఏమనుకోవద్దు. నేను పన్నెండేళ్ళుగా నవోదయకీ ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకీ కోచింగ్ ఇస్తుండా. పేపరు అంటే అందరికీ ఒకటే, టైమ్ ఒకటే, కీ ఒకటే. దానికి మించిన న్యాయం ఇంకేముంది. మీరు ఇవాళ వాడికి చెక్ ట్రే అని అడిగారు, రేపు జేఈఈలో వాడి కోసం ఎవడైనా చెక్ ట్రే పెడతాడా? జాలిపడి మార్కులు వేస్తే ఎనిమిదిలో తొమ్మిదిలో వాడే కింద పడతాడు. మా అబ్బాయిని కూడా అడగండి అన్న ఆ తండ్రిది ఏం తప్పు?

బ్లాక్ గెలాక్సీ | ఆదివారం రాత్రి 10:31

మాది చీమకుర్తి. ఎన్సీఈఆర్టీ ఏడో క్లాసు లెక్కల్లో ఇట్టాంటిదే ఇంకోటి ఉండేది, గని బావిలోకి లిఫ్టు నిమిషానికి 6 మీటర్లు దిగుద్ది, నేలకి 10 మీటర్ల పైన మొదలైతే మైనస్ 350 మీటర్లకి ఎంతసేపు అని. మా ఊరి పిల్లలు క్వారీల అంచున పుట్టి పెరిగినోళ్ళు. మా వాడు ఆ లెక్క చదివి "నాన్నా, క్వారీలో లిఫ్టు యాడుంటది, బెంచీలు బెంచీలుగా దారి ఉంటది కదా, లారీ దిగుద్ది కదా" అని అరగంట వాదించాడు. ఆన్సర్ మాత్రం రాయలా. లోతు గురించి వాడికి తెలిసినంత ఆ లెక్క రాసినాయనకి తెలీదు, పందెం.

కాబట్టి నిక్కచ్చి అన్నా, పేపరు ఒకటే అన్నంత మాత్రాన పేపరు ఎవురిదీ కాదని అనుకోవద్దు. అది అపార్ట్‌మెంటులో కూర్చున్నోడు రాసిన పేపరు.

రిటైర్డ్ లెక్కలు | సోమవారం ఉదయం 6:15

అమ్మా తీరం టీచర్, ముప్పై నాలుగేళ్ళు ప్రకాశం జిల్లాలో పనిచేసి దిగినవాణ్ణి. మీరు చేసిన పనిలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయినయ్యి. వాడికి పూర్ణసంఖ్యలు వచ్చా రాదా అని తెలుసుకోడం ఒకటి. అది చక్కగా చేశారు, టీచరు పని అదే. రిజిస్టర్లో వెయ్యడం రెండోది. అక్కడ మీ హెచ్‌ఎం మాటలోనూ పస ఉంది, ఎందుకంటే ఒక్కణ్ణి పిలిచి అడిగారు, మిగతా ఖాళీ పేపర్లోళ్ళని పిలవలేదు. ఖాళీగా వదిలినోళ్ళు ఇంకెంతమంది? వాళ్ళు ఎవరు? ముందు అది చూడండి.

ఇంటర్నల్ మార్కుల కథ మర్చిపోయారా అందరూ. సీసీఈ అని ఏడాది పొడుగునా అంచనా వేసే పద్ధతి పెట్టినప్పుడు పదో తరగతిలో 20 మార్కులు స్కూలు చేతిలో, 80 పబ్లిక్‌లో. ఉద్దేశం మంచిదే, రాత ఒక్కటే కాకుండా పిల్లోడు ఏడాదంతా చేసింది చూద్దామని. ఏమైంది? 20 కి 20 వేసుకునే స్కూళ్ళు వేసుకున్నయ్యి, నిజాయితీగా 13 వేసిన సర్కారు బడి టీచరు తన పిల్లల్నే ముంచాడు. 2019లో తీసేసి మళ్ళీ 100 కి పెట్టారు. టీచరు చేతికి మార్కు ఇస్తే పేదోడికి మేలు జరుగుద్దని గ్యారంటీ లేదు తల్లీ.

పొగాకు బ్యారన్ | సోమవారం ఉదయం 8:50

అందరూ పేపరు గురించే మాట్లాడతన్నారు, అసలు పేపరు దాకా రానోడి సంగతేంది. మాది కందుకూరు పక్క. నేను ఎనిమిది చదివేటప్పుడు జనవరి నుంచి మార్చి దాకా పొగాకు గుచ్చడానికి అమ్మతో పోయేవాణ్ణి, ఆకు కాల్చే బ్యారన్ కాడే నిద్ర. ఆ టైములో పెట్టిన పరీక్షకి నాకు సున్నా. ఆబ్సెంటు కాదు, సున్నా. యావరేజీ తీసి ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర ఇంకుతో రాసి, "వెనకబడ్డ విద్యార్థి" అని కూడా రాశారు. నేను వెనకబడలేదు బాబూ, నేను ఆ రోజు కందుకూరులోనే లేను. రానోడికి సున్నా వెయ్యడమంటే వాడి తెలివి కొలిచినట్టు కాదు, వాళ్ళమ్మ కూలి కొలిచినట్టు. ఇప్పటికీ పడమర పక్క నుంచి మిరపకాయ కోతలకి గుంటూరు పొయ్యే కుటుంబాల్లో ఇదే కదా.

తిరిగొచ్చాక మళ్ళీ పెట్టమని అడిగేదానికి మా అమ్మకి నోరు లేదు, నాకు తెలీదు. అంతే.

నిక్కచ్చి నెల్లూరు | సోమవారం ఉదయం 9:20

బ్యారన్ అన్నా మీది వేరే కేసు, మళ్ళీ పరీక్ష పెట్టడం న్యాయమే, ఒప్పుకుంటా. రూలు మార్చమనడం వేరు, మార్కు మార్చడం వేరు. ఎన్ఎంఎంఎస్ చూడండి, ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టు 90 ప్రశ్నలు. మామూలుగా 40 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 32. ముందే చెప్పి, రాసి, అందరికీ తెలిసేటట్టు పెట్టారు. అది పద్ధతి. పిలిచి అడిగి వెయ్యడం పద్ధతి కాదు.

ఏటి గట్టు | సోమవారం మధ్యాహ్నం 1:10

నేను యానాదుల అబ్బాయినే. బీఈడీ చేస్తుండా. ఇక్కడ ఎవురూ మా వైపు నుంచి మాట్లాడలేదు గాబట్టి రాస్తుండా, కొంచెం పొడుగు అవుద్ది.

ముందు నిక్కచ్చి అన్నకి. 32 శాతం ముందే రాసి పెట్టారు, నిజమే. కానీ మెంటల్ ఎబిలిటీ పేపర్లో వచ్చే ఆకారాలూ కోడింగులూ మీ కోచింగులో ఎన్ని వందల సార్లు చేయిస్తారు? మా కాలనీ పిల్లోడు మొదటిసారి చూసేది పరీక్ష హాల్లో. దాన్ని తెలివి అంటారా ప్రాక్టీసు అంటారా. నవోదయలో 75 శాతం సీట్లు పల్లెటూళ్ళకి, మంచి రూలే, అయితే పల్లెటూళ్ళో కూడా కోచింగుకి డబ్బు కట్టగలిగినోడూ కట్టలేనోడూ ఉంటారు. మా ఎస్టీ కాలనీ నుంచి నవోదయ ఫారం నింపినోణ్ణి నేను ఇంతవరకు చూడలా, ఎందుకంటే ఫారానికి కావాల్సిన కాగితాలే ఉండవు. ఆధార్లో ఒక పుట్టిన తేదీ, బళ్ళో ఒకటి.

రెండోది. నా ఆరో క్లాసులో స్కాలర్‌షిప్ లిస్టు కోసం సారు క్లాసులో నిలబడి "ఎస్టీలంతా లేవండ్రా" అన్నాడు. ముగ్గురం లేచాం. అప్పటిదాకా నా పక్కన కూర్చునే పిల్లోడికి కూడా తెలీదు. ఆ వెంటనే డిక్టేషన్ పెట్టాడు, నాకు చెయ్యి ఒణికింది. సారు చెడ్డోడు కాదు, లిస్టు కావాల, అంతే. కానీ ఆ రోజు నా మార్కులు నావి కావు.

మూడోది టీచరమ్మకి. మీ మనసుకి దండం. కానీ మా వాణ్ణి చెక్ ట్రే కాడే ఆపెయ్యొద్దు. వాడికి రొయ్యల లెక్క ఎట్టాగూ వచ్చు, వాళ్ళ నాయన నేర్పాడు. లిఫ్టు అంటే ఏందో, బేస్‌మెంట్ అంటే ఏందో చెప్పాల్సింది మీరు. తెలిసిందాంట్లోనే పరీక్ష పెట్టి శభాష్ అని పంపిస్తే వాడు మళ్ళీ గుంట గట్టుకే పోతాడు.

బ్లాక్ గెలాక్సీ | సోమవారం మధ్యాహ్నం 1:32

ఏటి గట్టు తమ్ముడూ, నీ మూడో మాట గట్టిగా తగిలింది.

పీజీ రూమ్ 14 | సోమవారం సాయంత్రం 5:45

ఏటి గట్టు గారు చెప్పిన "లేవండ్రా" సంగతి మీద నిజంగానే పరిశోధన ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అని ఇద్దరు ఉత్తరప్రదేశ్‌లో ఆరు ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం ఊసు ఎత్తనప్పుడు కింది కులాల పిల్లలూ పై కులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. గుంపులో పేరూ తండ్రి పేరూ కులమూ పైకి చదివాక అదే పజిల్స్‌లో కింది కులాల పిల్లలు పడిపోయారు. పిల్లలు అదే రకం, పజిల్ అదే రకం.

ఇంకోటి, దిద్దేవాళ్ళ గురించి. రెమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించారు. మన దేశంలోనే టీచర్లకి పేపర్లు ఇచ్చి, ఏ పేపరు మీద ఏ కులం ఉండాలో లాటరీ తీసినట్టు రాశారు. కింది కులం అని రాసిన పేపర్లకి కొంచెం తక్కువ మార్కులు పడ్డయి. తేడా చిన్నదే, కానీ ఉంది. అందరూ ఊహించనిది ఏందంటే ఆ తేడా ఎక్కువగా కింది కులాల టీచర్ల దిద్దుబాటులోనే కనపడింది. కాబట్టి ఇది "వాళ్ళు చెడ్డోళ్ళు మనం మంచోళ్ళం" కథ కాదు.

తీరం టీచర్ గారి పిల్లోడి లాంటోళ్ళ మీద కూడా ఉంది, 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళ బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల్ని చూశారు. బేరంలో పెద్ద పెద్ద లెక్కలు నోటితో టకటకా చేసే పిల్లలు అదే లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే ఆగిపోయారు. తిరగేసి చూస్తే, బళ్ళో బాగా చేసే పిల్లలు మార్కెట్ లెక్క దగ్గర తడబడ్డారు. రెండు వైపులా వంతెన లేదు.

రిటైర్డ్ లెక్కలు | సోమవారం రాత్రి 7:20

పేరు దాచడం పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో ఎప్పటినుంచో ఉంది. కోడింగు వేసి పంపుతారు, ఎవరి పేపరో తెలీదు. అక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పేరు తెలీకపోయినా చేతిరాత తెలుస్తుంది. గుండ్రంగా ముత్యాల్లాంటి రాత, మార్జిన్లు కొట్టి, స్కెచ్ పెన్నుతో హెడ్డింగులు, అది చూడగానే చెయ్యి ధారాళంగా పోతుంది. వంకర టింకర రాతలో సరైన ఆన్సరు ఉన్నా రెండుసార్లు వెతికితేగానీ కనపడదు. కట్టలు కట్టలు దిద్దేటప్పుడు రెండోసారి ఎవడు వెతుకుతాడు. నేనూ వెతకని రోజులున్నయ్యి. తప్పు పడిందనుకుంటే రీవెరిఫికేషన్ ఉందిగా అంటారు, సబ్జెక్టుకి 1000 రూపాయలు. కూలిపనికి పోయే ఇంట్లో అది ఎన్ని రోజుల కూలో లెక్కేసుకోండి. అనుమానం పడే హక్కు కూడా డబ్బున్నోడిదే.

కావలి అమ్మ | సోమవారం రాత్రి 8:05

నేను ఎక్కువ రాయను, ఏడుపొస్తది. మా వాడికి అక్షరాలు తిరగబడతాయి. డిస్లెక్సియా అని నెల్లూరులో డాక్టరు చెప్పింది వాడు ఆరో క్లాసుకి వచ్చాక. అప్పటిదాకా బద్ధకం అన్నారు, పొగరు అన్నారు. నోటితో చరిత్ర పాఠం మొత్తం కథలా చెప్తాడు, రాస్తే 9 మార్కులు. పరీక్షలో రాసేదానికి మనిషిని ఇవ్వమని అడిగితే బళ్ళో "అట్టా అందరికీ ఇస్తే ఎట్టా" అన్నారు. తీరం టీచర్ లాంటి టీచరు ఒక్కరు దొరికుంటే.

పీజీ రూమ్ 14 | సోమవారం రాత్రి 8:30

అక్కా, అది దయ కాదు, హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, డిస్లెక్సియా లాంటివి అందులో ఉన్నాయి. కేంద్రం మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాలకి తక్కువ కాకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ లేకపోతే స్క్రైబ్ (రాసిపెట్టే మనిషి) ఇవ్వం అనేవాళ్ళు, 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆయనకి రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు. ఎంత శాతం అని కాదు, రాయడానికి ఇబ్బంది ఉందా లేదా అని చూడమంది. డాక్టరు కాగితం జతచేసి రాతపూర్వకంగా అడగండి, అర్జీ అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుంది.

నిక్కచ్చి నెల్లూరు | సోమవారం రాత్రి 8:52

ఇది నాకు తెలీదు. మా సెంటర్లో ఒకడున్నాడు ఇట్టాంటోడు, అక్షరాలు తిప్పి రాస్తాడు, వాణ్ణి నేను ఎన్నిసార్లు తిట్టానో. సరే.

అయినా నా మొదటి మాట నేను ఒదల్లేదు. స్క్రైబ్ ఇచ్చినా ప్రశ్న అదే, కీ అదే. ప్రశ్న మార్చలేదు.

తీరం టీచర్ | మంగళవారం రాత్రి 10:15

అందరికీ థ్యాంక్స్. రిటైర్డ్ మాస్టారు చెప్పినట్టు ఖాళీ పేపర్లు లెక్కపెట్టా. ఆ లిఫ్టు లెక్క ఖాళీగా వదిలినోళ్ళు 11 మంది, అందులో 9 మంది కాలనీ, పట్టపోళ్ళ (చేపలు పట్టేవాళ్ళ) పిల్లలు. ఇంగ్లీషు మీడియం పేపరు ఇంకా దీనికి తోడు. మైనస్ రాదని అనుకున్నా గానీ, అడిగితే చాలామందికి మైనస్ వచ్చు, బేస్‌మెంటే రాదు. సిగ్గేసింది. ఒక్కణ్ణే పిలిచానే అని.

ఇంకో పని చేశా, తిడతారేమో. ఇవాళ క్లాసులో ఉత్తుత్తి టెస్టు పెట్టా, మార్కుల్లేవు. 100 కౌంట్ రొయ్య కేజీ 240, 50 కౌంట్ కేజీ 350 అనుకుంటే, 2 టన్నుల పట్టుబడికి తేడా ఎంత, 50 కౌంట్‌లో ఒక్కో రొయ్య బరువెంత. మా వాడు కాగితం తాకకుండా "రెండు లక్షల ఇరవై వేలు టీచర్, రొయ్య 20 గ్రాములు" అన్నాడు. మెడికల్ షాపాయన కూతురు, క్లాస్ ఫస్టు ఆ పాప, చెయ్యెత్తి "టీచర్ కౌంట్ అంటే ఏమిటి" అంది. ఖాళీగా వదిలేసింది. మొహం చిన్నబోయింది పాపం. బేస్‌మెంట్ అంటే ఏంది అన్నప్పుడు వీడి మొహం ఎట్టా ఉందో అట్టాగే.

అప్పుడు బోర్డు మీద ఒక ముక్క రాశా, 40 కౌంట్ అంటే కేజీకి 40 రొయ్యలు తూగుతాయి అని. ఆ పాప రెండు నిమిషాల్లో చేసేసింది. దాని కింద ఇంకో ముక్క రాశా, నేల కింద కట్టే అంతస్తుని బేస్‌మెంట్ అంటారు, నేలని సున్నా అనుకోండి అని. 11 మందిలో 8 మంది చేశారు. మిగిలిన ముగ్గురికి నిజంగానే మైనస్ రాదు, వాళ్ళకి రేపు మళ్ళీ చెప్పాల.

నిక్కచ్చి నెల్లూరు | మంగళవారం రాత్రి 10:28

ఇది బాగుంది. ప్రశ్నలోనే మాట విప్పి రాస్తే నాకు అభ్యంతరం లేదు. అందరికీ ఒకే పేపరు, ఒకే వివరణ. ముగ్గురికి రాదని కూడా తేలింది చూడండి, మీరు అందరికీ వేసేసుంటే అది తెలిసేది కాదు.

బ్లాక్ గెలాక్సీ | మంగళవారం రాత్రి 10:35

ఆ మెడికల్ షాపాయన వచ్చి "మా పాపకి రొయ్యల లెక్క ఇస్తారా" అని గొడవ పెట్టుకోలేదా? కాలనీ తండ్రి ఎప్పుడన్నా వచ్చి మా వాడికి లిఫ్టు లెక్క ఇస్తారా అని అడిగాడా?

తీరం టీచర్ | మంగళవారం రాత్రి 10:41

ఫోను చేశాడన్నా, సాయంత్రమే :) ఉత్తుత్తి టెస్టు అని చెప్తే ఊరుకున్నాడు. కాలనీ నుంచి ఎవురూ రాలా. వస్తే గేటు కాడే నిలబడతారు, లోపలికి రమ్మన్నా రారు.

ఏటి గట్టు | మంగళవారం రాత్రి 11:02

టీచరమ్మా ఇంకొక్కటి. ప్రాజెక్టు మార్కులు చూడండి. మేం చదివేటప్పుడు ఎఫ్ఏలో 10 మార్కులు ప్రాజెక్టుకి. థర్మాకోల్, రంగు కాగితాలు, నెట్ సెంటర్లో ప్రింటు, ఇవన్నీ కొన్నోడికి 10. మా వాళ్ళు పాత నోటుబుక్కు అట్ట మీద పెన్సిలుతో గీసి తెస్తే 5. అది ఎవుడి మార్కు? షాపోడి మార్కు. నేను ఏడులో ఉండంగా గుంటల కాడ దొరికే నత్తగుల్లలు అతికించి మ్యాపు చేశా, వాసన వస్తుందని బయట పెట్టించారు.

రిటైర్డ్ లెక్కలు | బుధవారం ఉదయం 5:50

గుల్లల మ్యాపు! నాకు తెచ్చుంటే స్టాఫ్ రూములో గోడకి కొట్టేవాణ్ణి అబ్బయ్యా. మా కాలంలో ప్రాజెక్టులన్నీ బళ్ళోనే, స్కూలు కాగితంతోనే చేయించేవాణ్ణి నేను, ఇంటి నుంచి తెస్తే తీసుకునేవాణ్ణి కాదు. తల్లిదండ్రులు తిట్టుకున్నారు. అమ్మా తీరం, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమనీ, పిల్లోడికి అర్థమైందా లేదా అని ఎప్పటికప్పుడు చూడమనీ ఉంది. హెచ్‌ఎం అడిగితే అది చూపించండి, మీరు బోర్డు మీద రాసిన ఆ రెండు ముక్కలూ దాని కిందకే వస్తాయి. ఎస్ఏ (టర్మ్ చివర పెట్టే పెద్ద పరీక్ష) పేపరు మాత్రం పైనుంచి వస్తుంది, దాంట్లో మనం ముక్క కలపలేం. అందుకని ముందే, పాఠం చెప్పేటప్పుడే ఇట్టాంటి మాటలు లిస్టు రాసి గోడకి అంటించండి. లిఫ్టు, బేస్‌మెంట్, డిస్కౌంట్, ఎస్కలేటరు, థర్మోస్టాట్. నా దగ్గర పాత లిస్టు ఉంది, వెతికి పెడతా.

కావలి అమ్మ | బుధవారం ఉదయం 9:15

అర్జీ ఇచ్చాను. సంతకం పెట్టించుకున్నా. ఆ క్లర్కు ఎగాదిగా చూశాడు గానీ పెట్టాడు.

ఏటి గట్టు | బుధవారం మధ్యాహ్నం 12:40

టీచరమ్మా, ఆదివారం కాలనీ పిల్లల్ని నెల్లూరు తీసుకొచ్చి నాలుగంతస్తుల షాపులో లిఫ్టు ఎక్కిస్తా. బేస్‌మెంట్లో పార్కింగు కూడా ఉండాది. వాచ్‌మెన్ మా వాడే. బస్సు చార్జీలకి ఎవురన్నా చెయ్యి వేస్తే సంతోషం, లేకపోతే మా బావ ఆటో ఉండాది.

పొగాకు బ్యారన్ | బుధవారం మధ్యాహ్నం 12:44

చార్జీలు నావి. మెసేజ్ చెయ్యి.

నిక్కచ్చి నెల్లూరు | బుధవారం రాత్రి 9:30

అన్నీ బాగానే ఉండాయి. ఇంతకీ మొదట వేసిన ఆ 2 మార్కులు ఉంచారా, తీసేశారా మేడమ్? ఎవురూ అడగలేదు.

తీరం టీచర్ | బుధవారం రాత్రి 9:52

తీసేశానన్నా. 11 మందికీ మళ్ళీ స్లిప్ టెస్టు పెడతానంటే హెచ్‌ఎం గారు ఈసారికి కుదరదు, మార్కులు అప్‌లోడ్ అయిపోయినయ్ అన్నారు. రిజిస్టర్లో వాడికి 20 కి 9 ఉండాది. నా డైరీలో 11 రాసుకున్నా. వాడికి ఇంకా చెప్పలేదు.